మేనమామ ఒడి కోసం నలభై రోజులు

మొన్న ఆదివారం పొద్దున ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా ఉన్న సెలూన్‌లో నా వంతు కోసం కూర్చున్నాను. ఈ వయసులో కత్తిరించడానికి నా తల మీద మిగిలింది పెద్దగా ఏమీ లేదు గానీ, అక్కడ మూడు పేపర్లు వేయిస్తారు, ఫ్యాను బాగా తిరుగుతుంది. నా ముందున్న కుర్చీలో ఒక యువకుడు ఏడాది దాటిన కొడుకును ఒళ్లో పెట్టుకుని జుట్టు తీయిస్తున్నాడు. పిల్లవాడి ఏడుపు రోడ్డవతలి టిఫిన్ బండి దాకా వినిపిస్తోంది. మధ్యలో కత్తెర పట్టుకున్నతను చెయ్యి ఆపి, "కనుబొమ్మ కొసకు గీ గడ్డేందన్నా?" అని అడిగాడు. "పుట్టుకతోటె ఉన్నది. స్కాన్ తీసిన్రు, లోపటికి ఏం లేదట. వచ్చే నెల తీస్తమన్నరు" అన్నాడు తండ్రి. నేను ఉండబట్టలేక, "వచ్చే నెల ఎందుకు, ఈ నెలనే తీపియ్యరాదు?" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను పరీక్షగా చూశాడు. "నువ్వు డాక్టరువా పెద్దాయనా?" "కాదు, పేపర్ల పనిచేసిన." "గట్లనా" అన్నాడు, ఆ ఒక్క ముక్కతో నా సంగతంతా అర్థమైపోయినట్టు. మళ్లీ కొడుకు తల పట్టుకున్నాడు. నేను పేపరు తెరిచాను గానీ ఒక్క అక్షరం ఎక్కలేదు. మా చెల్లె కూతురి తల గుర్తొచ్చింది.

మా చెల్లెను ఇచ్చింది ఇబ్రహీంపట్నంలోనే, చెరువుకు పోయే దారిలో రెండు గదుల డాబా ఉన్న ఇంటికి. బావ ఆదిభట్లలో విమానాల భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. పొద్దున ఆరింటికి కంపెనీ బస్సు ఎక్కేవాడు, దిగాక కూడా ఆ బస్సు కిటికీ పక్కనే కూర్చున్నట్టు మౌనంగా ఉండేవాడు. ఇంట్లో మాటంతా వాళ్లమ్మదే. ఆమెను నేనూ అత్తమ్మా అనే పిలిచేవాణ్ని. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. మా ఇంటి వైపు మేం ముగ్గురం: హయత్‌నగర్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే పెద్దన్న, ఇక్కడే మండల విలేకరిగా జుట్టు నెరిసిన నేను, మా ఇద్దరి తర్వాత చెల్లె. అమ్మానాన్నలు పోయారు కాబట్టి పుట్టింటి తరఫున ఏ శుభకార్యానికైనా మేమిద్దరమే దిక్కు. అందులోనూ ముందు పీట పెద్దన్నది.

పెళ్లయిన ఏడేళ్లకు చెల్లెకు ఆడపిల్ల పుట్టింది. తల నిండా వెంట్రుకలతో పుట్టింది. స్నానం పోసేటప్పుడు తల వెనక నడిమధ్యన శనగగింజంత గడ్డ చేతికి తగిలిందట. "కాన్పుల ఒత్తుకున్నది, నూనె రాస్తె కరుగుతది" అంది అత్తమ్మ. ఏడు నెలలు నూనె రాశారు. కరగలేదు సరికదా చింతగింజంత అయింది. ఒకరోజు చెల్లె ఆ గడ్డ మీది జుట్టు పాయలు తీసి చూస్తే సూదిమొనంత రంధ్రం కనిపించింది. అందులోంచి రెండు వెంట్రుకలు బయటికి వచ్చి ఉన్నాయి. తక్కిన వెంట్రుకల్లా కాకుండా బిరుసుగా, చీపురు పుల్లల్లా ఉన్నాయవి. ఊళ్లో పిల్లల డాక్టరు చూసి, నొక్కొద్దు గిల్లొద్దు అని, పట్నంలో పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. డాక్టర్ల ఇంగ్లీషు అర్థం కావడానికి నన్ను వెంట తీసుకెళ్లారు.

అక్కడి సర్జను కోస్తా వైపు ఆమె. స్కాన్ ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి, కంగారు లేకుండా, బడిలో పాఠం చెప్పినట్టు చెప్పింది. "బిడ్డ కడుపులో ఉన్నప్పుడు పుర్రె మూసుకునే చోట కాస్త చర్మం లోపల చిక్కుకుపోయిందండి. చర్మం కాబట్టి ఎక్కడున్నా దాని పని అది చేస్తుంది. జిడ్డు ఊరుతుంది, వెంట్రుకలు మొలుస్తాయి. తిత్తిలా పెరుగుతుంది. చాలామంది పిల్లలకు ఇది ఎముక పైనే ఉంటుంది, భయం లేదు. మీ పాపకు మాత్రం ఆ రంధ్రం నుంచి ఎముక గుండా లోపలికి దారమంత సన్నని దారి ఉంది. దానికి చీము పడితే నేరుగా మెదడు దగ్గరికే పోతుంది. ఈ నెలలోనే తీసేద్దాం." చెల్లె అడిగిన మొదటి ప్రశ్న ప్రాణానికి భయమా అని కాదు. "తల గొరుగుతరా మేడం?" అంది. "వెనక నాలుగు వేళ్ల వెడల్పు గొరిగితే చాలమ్మా" అందామె. చెల్లె నా మొహం చూసింది. నేను సంచీలో కాగితాలు సర్దుకున్నాను.

ఎందుకంటే పిల్ల పుట్టువెంట్రుకలు గుట్ట మీది నర్సింహస్వామికి మొక్కినవి. ఏడేళ్లు పిల్లల్లేక మొక్కిన మొక్కు. ఆ వెంట్రుకలకు దేవుడి దగ్గర తప్ప ఎక్కడా కత్తి తగలకూడదు. బేసి నెలలోనే తీయాలి. పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, మొదటి పాయ మేనమామ చేత్తోనే కత్తిరించాలి. ఇవన్నీ మా వైపు చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతులే. "నాలుగు వేళ్లయినా నలభై వేళ్లయినా కత్తి కత్తే" అంది అత్తమ్మ. అయితే ఆమె మొండికేయలేదు. వేళ్ల మీద లెక్కపెట్టి, "నడుస్తున్నది తొమ్మిదో నెల, బేసి నెలనే. ఈ ఐతారమే గుట్టకు పోదాం. సోమారం దవాఖానల పండబెట్టుండ్రి. దేవునికి దేవునిది, డాక్టరుకు డాక్టరుది" అని తేల్చేసింది. ఇంతకంటే తెలివైన తీర్పు నేను పంచాయతీ ఆఫీసులో కూడా వినలేదు. ఆదివారానికి ఐదు రోజులే ఉన్నాయి.

ఆ తొందరలో జరిగింది తప్పు. మేనమామను పిలవాలంటే ఆడపడుచు కుంకుమ భరిణె పట్టుకుని పుట్టింటికి పోవాలి, వదినకు బొట్టు పెట్టి పిలవాలి. చెల్లె స్కాన్లూ రక్తపరీక్షలూ అంటూ తిరుగుతోంది. బావకు సెలవు దొరకలేదు. దొరికిన అరగంటలో వాట్సాప్‌లో ఒక కార్డు తయారుచేసి, గులాబీలు పెట్టి, అందరికీ ఒకేసారి పంపేశాడు. పెద్దన్నకూ అదే కార్డు పోయింది. కంపెనీలో తన సూపర్‌వైజరుకు పోయిన కార్డే, పాలవాడికి పోయిన కార్డే. తర్వాత చెల్లె ఫోన్ చేస్తే పెద్దన్న ఎత్తలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా అద్దె బండి వాకిట్లో ఉంది. పులిహోర డబ్బాలు, కొబ్బరికాయలు, పిల్లకు పసుపు రంగు గౌను. "పెద్దోడు రాకుంటె చిన్నోడు కూసుంటడు. దేవుడేమన్న హాజరు తీస్కుంటడా?" అంది అత్తమ్మ. నన్ను ఉద్దేశించి అన్న మాట అది. బండి నన్ను ఎక్కించుకుని అప్పుడే కదిలి ఉంటే ఈ కథ లేదు. నేనే పెద్దమనిషి తరహాలో, "గంటల పోయి అన్నను తీస్కొస్త, జర ఆగుండ్రి" అని మోటారు సైకిలు తీశాను.

పెద్దన్న దుకాణంలో తక్కెడ ముందు కూర్చుని మేకులు తూస్తున్నాడు. ఆదివారం గిరాకీ మస్తుగా ఉంది. నన్ను చూసి కూడా తూకం ఆపలేదు. "ఏమొచ్చినవ్?"

"బండి తయారున్నది. నువ్వొస్తె బయల్దేరుడే."

"ఫోన్ల కార్డొచ్చింది. గులాబీలు మంచిగున్నయ్. నేను మేనమామనా, కాలనీ అసోసియేషన్ మెంబర్నా?"

"పిల్ల తలల గడ్డ ఉన్నదన్నా. ఆపరేషన్ తొందర. అందుకని..."

"దాని బిడ్డ తలకాయల ఏమున్నదో స్కాన్ తీపిచ్చిన్రు గద, దాని అత్త తలకాయల ఏమున్నదో గూడ తీపియ్యమను." మేకుల కోసం నిలబడ్డ గిరాకీ నవ్వాడు. ఆ నవ్వుతో అన్నకు ఊపు వచ్చింది. "మీ వదినకు ఒక బొట్టు పెట్టెతందుకు మనిషి దొరకలె."

"పోనీ, నన్ను కూసొమ్మంటున్నరు. కూసోనా?"

అప్పుడు తక్కెడ ఆగింది. "నేను బతికుండంగ నువ్వు ఆ పీట మీద కూసున్నవంటె నేను సచ్చినట్టె లెక్క. పోయి గట్లనే చెప్పు" అన్నాడు.

పోయి అట్లాగే చెప్పాను. ఇందులో నా తప్పు ఎంతో చదివేవాళ్లకు తెలియాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా డెస్కు ఇన్‌చార్జి, ఎవడు ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాయి, నీ తెలివి కలపకు అని నేర్పాడు. ఆ అలవాటుతోనే ఊళ్లో నాకు పరువు. ఎమ్మార్వో అన్నది ఎమ్మార్వో అన్నట్టే, రైతు అన్నది రైతు అన్నట్టే. ఆ రోజు పదిన్నరకు చెల్లె వాకిట్లో దిగగానే అందరూ చుట్టూ మూగారు. "ఏమన్నడు?" అంది అత్తమ్మ. అన్న రాడట, పదండి నేను కూర్చుంటాను అంటే సరిపోయేది. నేను హెల్మెట్ కూడా తీయకుండా, "చిన్నోడు కూసుంటె నేను సచ్చినట్టె లెక్క అన్నడు" అని చెప్పాను. అత్తమ్మ చేతిలోని పసుపు పళ్లెం అరుగు మీద పెట్టేసింది. "శుభమా అని బండెక్కుతుంటె సావు మాట మోస్కొస్తివా బిడ్డా" అంది. "ఈ మాట విన్నంక గుట్టెట్ల ఎక్కుతం?"

చెల్లె పిల్లను చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. "నువ్వు కూసో చిన్నన్నా. అత్తమ్మను నేను ఒప్పిస్త. పెద్దన్నకు కాళ్లు నేను మొక్కుత. నువ్వు ఒక్క పావుగంట కూసో." పావుగంటే అడిగింది. నేను అన్న మొహం తలుచుకున్నాను, రేపు చుట్టాల్లో ఈ మాట ఎలా తిరుగుతుందో తలుచుకున్నాను. "జర ఆగుదాం చెల్లే. నేను మాట్లాడి సర్ది చెప్త, ఫికర్ చెయ్యకు" అన్నాను. బావ బండివాణ్ని పంపించేశాడు. పులిహోర ఆ పూట కాలనీ వాళ్లందరం తిన్నాం. బాగుంది కూడా. మూడు రోజుల తర్వాత పదో నెల పడింది. సరి నెల. పదకొండో నెలలో చూద్దామంది అత్తమ్మ. సర్జనుకు నేనే ఫోన్ చేసి, ఇంట్లో ఒక కార్యక్రమం ఉందని, నెలాపదిరోజులు ఆలస్యమవుతుందని చెప్పాను. "ఎర్రబడినా, జ్వరమొచ్చినా ఆ గంటే తీసుకురండి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

తర్వాతి నెల రోజులు నేను హయత్‌నగర్‌కీ ఇబ్రహీంపట్నానికీ మధ్య రాయబారం నడిపాను. అన్న షరతు ఇక్కడ చెప్పేవాణ్ని, అత్తమ్మ జవాబు అక్కడ చెప్పేవాణ్ని. అన్న అత్తమ్మే స్వయంగా రావాలన్నాడు. అత్తమ్మ తన మోకాళ్ల నొప్పి సంగతి చెప్పింది. అన్న, "మోకాళ్లు నొయ్యంగనే గుట్ట మెట్లు ఎట్లెక్కుతదట?" అన్నాడు. ఈ సంభాషణలు చెప్పి నేను ప్రెస్‌క్లబ్‌లో నవ్వించేవాణ్ని కూడా. అవును, నవ్వించాను. చెల్లె రోజూ ఫోన్ చేసి ఒక్కటే అడిగేది: "ఒప్పుకున్నడా?" చివరికి ఆమే భరిణె పట్టుకుని, పిల్లను ఎత్తుకుని, రెండు బస్సులు మారి హయత్‌నగర్ పోయింది. నేనూ వెంట వెళ్లాను. వదినను గంటసేపు వంటింట్లోంచి రమ్మని బతిమాలాల్సి వచ్చింది. బొట్టు పెట్టించుకుని, "ఇప్పుడు యాదికొచ్చినమా?" అని ఒక పోటు పొడిచి, ఆ తర్వాత కోడికూర వండింది. అన్న మెత్తబడ్డాడు. పిల్లను ఎత్తుకుని, "మామ ఒళ్లె కూసుంటవా? ఏడ్వొద్దు మరి" అని ఆడించాడు. పిల్ల అన్న గొంతు ఎటు వినిపిస్తే అటు తల తిప్పి నవ్వింది. తల తిప్పినప్పుడు వెనక ఎర్రగా కనిపించింది. చెల్లె చెయ్యి పెట్టి చూసి, "వేడిగున్నది పెద్దన్నా" అంది. "బస్సుల వచ్చిన్రు గద, ఎండ" అన్నాడు అన్న. నా కంచంలో రెండోసారి కూర వేశారు. ఎర్రబడితే ఆ గంటే అన్న మాట నాకు గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఇన్నాళ్లకు కుదిరిన సంధి, భోజనాల మధ్య లేవడం ఎందుకులే అనుకున్నాను. పట్నం దవాఖాన అక్కడికి అరగంట దూరం.

నాలుగో రోజు పొద్దున చెల్లె ఫోన్ చేసేసరికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. తాగిన పాలన్నీ కక్కింది. మెడ వెనక్కి విల్లులా వంగిపోయింది. మాడు పొంగింది. దవాఖానలో స్ట్రెచర్ పక్కన పరుగెత్తుతూ సర్జను నన్ను గుర్తుపట్టింది, జ్వరం ఎప్పటి నుంచి అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి తీసుకుపోయే ముందు తల గొరగాలన్నారు. వార్డులో పనిచేసే ఒకామె కరెంటు మిషన్ తెచ్చింది. పిల్లను రేకు బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, రెండు నిమిషాల్లో నున్నగా చేసేసింది. వెంట్రుకలు బల్ల మీద నుంచి చేత్తో ఊడ్చి, వాడిన దూది వేసే పసుపుపచ్చ సంచీలో వేసింది. అత్తమ్మ ఆ సంచీ వైపే చూస్తూ నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది, ఏడుపు బయటికి రాకుండా.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. తిత్తి తీశారు, లోపలి చీమూ తీశారు. తిత్తిలో తడిపిండి లాంటి ముద్ద, అందులో చుట్టలు చుట్టుకున్న వెంట్రుకలు ఉన్నాయని తర్వాత చెప్పారు. ఏ దేవుడికీ మొక్కని వెంట్రుకలు. సాయంత్రానికి పెద్దన్న, వదిన వచ్చారు. అన్న చేతిలో బట్టల దుకాణం కవరు, అందులో మేనమామ పెట్టే కొత్త బట్టలు. పదకొండో నెలకని ముందే కొన్నాడట, ఏం తేవాలో తోచక అవే తెచ్చాడు. తలకు కట్టుతో, ముక్కులో గొట్టంతో ఉన్న పిల్లను ఐసీయూ తలుపు అద్దంలోంచి చూశాడు. చాలాసేపు చూశాక, అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

"ఎవలి ఒళ్లె కూసోబెట్టిన్రు?"

"ఎవ్వలి ఒళ్లె లేదన్నా" అంది చెల్లె. "బల్ల మీద పండబెట్టిన్రు."

నెల రోజులకు పిల్లను ఇంటికి పంపారు. బతికింది. అందరం అదే అనుకున్నాం, బతికింది చాలని. డిశ్చార్జి కాగితం చివర్న చెవుల పరీక్ష చేయించమని ఒక వాక్యం ఉంది. అది చదివింది నేనే. అందరికీ రాసేదేలే అనుకుని మడిచి ఇచ్చేశాను. మళ్లీ కాస్త వెంట్రుకలు వచ్చాక, పదిహేనో నెలలో అత్తమ్మ మొక్కు తీర్చింది. పూజారిని అడిగితే, రెండోసారి వచ్చినవైనా పరవాలేదు అన్నాడట. ఈసారి బొట్లు, పిలుపులు, అన్నీ పద్ధతి ప్రకారం. పెద్దన్న కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. పక్కనే నలుగురు పిల్లలకు గుండ్లు అవుతున్నాయి. మూరెడు దూరంలో డోళ్లు, సన్నాయి. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా ఆ పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తున్నారు. మా పిల్ల మాత్రం అన్న ఒళ్లో కదలకుండా, చేతిలో అరటిపండు చూసుకుంటూ కూర్చుంది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా, ఏడ్పే లేదు!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. "మేనమామ ఒడి అంటె గట్లుంటది" అన్నాడు అన్న, మీసం దువ్వుకుంటూ. మేమందరం ఫోటోలు తీసుకుంటున్నాం. చెల్లె ఒక్కతే నవ్వడం లేదు. కొబ్బరికాయల పళ్లెం ఖాళీ చేసి పిల్ల వెనక్కి పోయి నిలబడి, ఆ పళ్లెం బండ మీదికి వదిలేసింది. గుట్ట మీద ఉన్న వాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు. పిల్ల అరటిపండు తొక్కతో ఆడుకుంటోంది.

మెదడు దాకా పోయిన ఆ చీము వల్ల లోపలి చెవి గట్టిపడిపోయిందని, ఏ మిషన్ పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదని డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు దానికి పదేళ్లు. పట్నంలో వినపడని పిల్లల బడిలో చదువుతుంది, శని ఆదివారాలు ఇంటికి వస్తుంది. చేతులతో ఎంత వేగంగా మాట్లాడుతుందంటే నాకు సగమే అందుతుంది. తల వెనక నాలుగు వేళ్ల మేర వెంట్రుకలు రాలేదు, జడ దాని మీదికి లాగి వేసుకుంటుంది. పెద్దన్నకు అదంటే ప్రాణం. ఈనాటికీ దానితో గట్టిగా అరిచే మాట్లాడతాడు. అది ఆయన పెదాలు చూసి నవ్వుతుంది. చెల్లె మా ఇద్దరితో మాట్లాడుతుంది, పండక్కి పిలుస్తుంది, వడ్డిస్తుంది. ఆ ఆదివారం గురించి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తితే జవాబు చెప్పడానికి నేను చాలాసార్లు సిద్ధపడ్డాను.

మొన్నటి ఆదివారం సెలూన్ నుంచి నేను ఇంటికి రాలేదు, చెల్లె ఇంటికి పోయాను. పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది. నా జేబులోంచి ఫోన్ లాక్కుని, తెలుగులో కొట్టి చూపించింది. "మామా, నాకు చిన్నప్పుడు వినిపించేదట కదా?" అవునని తల ఊపాను. "ఎన్నాళ్లు?" పది నెలలు అని కొట్టాను. మళ్లీ కొట్టింది: "అప్పుడు నేను ఏం విన్నా?" వంటింట్లో చెల్లె బియ్యం చెరుగుతోంది. నాకు గుర్తున్నంత వరకు ఆ ఇంట్లో ఆ రోజుల్లో వినిపించింది మా గొంతులే. ఎవరు పిలిచారు, ఎవరు పిలవలేదు, పీట ఎవరిది. "మీ అమ్మ పాడేది" అని కొట్టి ఇచ్చాను. అది అబద్ధం కాదు. పిల్ల సంతోషంగా ఫోన్ పట్టుకుని అమ్మకు చూపించడానికి లోపలికి పరుగెత్తింది. చెరుగుతున్న చప్పుడు ఆగింది. నేను చెప్పులు వేసుకున్నాను. పది నెలలంటే వినడానికి ఎంత కొద్ది కాలమో, అందులో నలభై రోజులు ఎంత పెద్ద భాగమో, ఆ అరుగు దిగుతుంటే తెలిసింది.